పాత బిల్లు పారేస్తే పేరుకు దిక్కెవరు?

ఎర్ర అంచు, పసుపు అక్షరాలు, నడుమ దీపం. బరంపురంలో పేరున్న ఒక అప్పడాల పొట్లం ఇలా ఉందనుకుందాం. పక్క పొట్లం మీదా అవే; దీపానికి ఒక వత్తి ఎక్కువ, పేరులో ‘ల’ బదులు ‘ళ’. రెండూ ఎదురుగా పెడితే తేడా తెలుస్తుంది. కొనేవాళ్లు అలా పెట్టి చూడరు, ‘ఆ ఎర్రంచుది ఇవ్వండి’ అంటారు. కోర్టూ ఆ కళ్లతోనే చూస్తుంది. 1972లో పార్లే బిస్కెట్ల రేపర్ కేసులో సుప్రీంకోర్టు మొత్తం పోలికనే కొలతగా తీసుకుంది.

పేరు రిజిస్టర్ చేయించకపోయినా 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 27వ సెక్షన్ కింద ‘పాసింగ్ ఆఫ్’ (తన సరుకును వేరొకరిదిగా నమ్మించి అమ్మడం) దావా వేయవచ్చు. అయితే ఆ పేరుకున్న పరపతి, జనం మోసపోయే పోలిక, వ్యాపారికి నష్టం మూడూ రుజువు కావాలి. కేసులు చిక్కుపడేది ఇక్కడే. బిల్లుబుక్కులో ‘అప్పడాలు 20 కిలోలు’ అని రాసి బ్రాండ్ పేరు వదిలేస్తే అది ఆ పేరు వాడినట్టు సాక్ష్యం కాదు. లేబుళ్లు అచ్చువేసిన ప్రెస్సు బిల్లు, పాత లేబులు, లారీ రసీదు, బ్రాండ్ పేరు రాసిన ఇన్వాయిస్ దాచుకోవాలి. అవతలివాడు రిజిస్టర్ చేయించుకున్నా, అతని వాడకానికీ రిజిస్ట్రేషన్‌కూ ముందు నుంచే వాడుతున్నవారిని 34వ సెక్షన్ కాపాడుతుంది. ఆ ‘ముందు’ను చూపేవి ఈ కాగితాలే.

ఒడిశా-ఆంధ్రా సరిహద్దు మనకు మరో చిక్కు. నకిలీ పొట్లం ఇచ్ఛాపురంలో తయారై శ్రీకాకుళం సంతల్లోనే అమ్ముడైతే, రిజిస్ట్రేషన్ లేని బరంపురం వ్యాపారి అక్కడి కోర్టుకే వెళ్లాలి. రిజిస్ట్రేషన్ ఉంటే 134వ సెక్షన్ ప్రకారం సొంత జిల్లా కోర్టులోనే వేయవచ్చు. ఒక్క ఈ సదుపాయం కోసమైనా చేయించుకోవాలని మా సలహా.

వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి (సరుకుల రకాన్ని బట్టి చేసిన విభాగానికి) రూ.4,500. అప్పడాలు 30వ తరగతి, ఊరగాయలు 29. రెండూ అమ్మితే రెండు రుసుములు. తెలుగు, ఒడియా అక్షరాలుంటే వాటి ఇంగ్లీషు ఉచ్చారణ, అర్థం జతచేయాలి. ‘బరంపురం’, ‘అప్పడం’ లాంటి మాటలు ఎవరి సొత్తూ కావు, వాటిపై ఆశ వద్దు. ఒడిశా దరఖాస్తులు కోల్‌కతాకు, ఆంధ్రావి చెన్నైకి వెళ్లినా వాటిని ప్రకటించే ట్రేడ్‌మార్క్ జర్నల్ దేశమంతటికీ ఒక్కటే. మన పేరు వేరొకరి పేరిట అందులో వస్తే అభ్యంతరానికి గడువు నాలుగు నెలలు.

ఉద్యం (చిన్న పరిశ్రమల) నమోదుకు సాయపడే జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఈ దరఖాస్తుకూ సాయపడాలి; గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో తెలుగులోనూ చెప్పాలి. ఈలోగా నకిలీ కనబడితే కొట్టువాడితో గొడవ పెట్టుకోకండి. పొట్లం కొని, బిల్లు తీసుకుని, విప్పకుండా దాచి, ఆ వారంలోనే వకీలును కలవండి.