అదనపు బాధ్యతల్లో ఉన్న కిక్కు రాడ్డుకు సంజాయిషీ నోటీసు

విషయం: ఎజ్డీ మోటార్ సైకిలు – ఎడమ వైపు రాడ్డు – కిక్కు విధుల్లోనూ గేరు విధుల్లోనూ నిర్లక్ష్యం – సంజాయిషీ కోరుట – గురించి.

సూచిక: గత ఆదివారం ఉదయం నా మోకాలి చిప్ప కింద తమరు వేసిన స్టాంపు.

రాడ్డు గారికి,

ముప్పై మూడేళ్లుగా నెల్లూరులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నోటీసులు రాయడమే నా పని. రాసేది నేను, సంతకం ఇంకొకరిది. సొంత సంతకంతో పంపుతున్న మొదటి నోటీసు ఇదే. ఆఫీసు భాషలో ‘తమరు’ అనాలి గానీ, నీకూ నాకూ మధ్య అంత మర్యాద ఎప్పుడూ లేదు. ‘నువ్వు’ అనే అంటాను.

నీ సర్వీసు రిజిస్టరు తిరగేశాను. సొంతూరు మైసూరు. 1960 దశకం మొదట్లో ఐడియల్ జావా వాళ్లు చెక్ దేశం జావా బళ్లను లైసెన్సు మీద అక్కడ తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 1973 నుంచి వాటి మీద ఎజ్డీ అన్న పేరు పడింది. నిన్ను మా నాయన 1984లో ఇంటికి తెచ్చాడు. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. మాతృశాఖే రద్దయిపోయాక కూడా డిప్యుటేషన్ మీద ఇంకా మా వసారాలో కొనసాగుతున్నది నువ్వొక్కడివే. ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెంచింది. నీకు ఏ జీవో అక్కర్లేదు. ప్రతి ఆదివారం నేనే పొడిగిస్తున్నాను.

ఇక నీ విధులు. లోకంలో ఏ బండికైనా గేరుకొక రాడ్డు, కిక్కుకొక రాడ్డు ఉంటాయి. రాజ్‌దూత్‌కీ ఆర్‌ఎక్స్ 100కీ బుల్లెట్‌కీ అంతే. ఎజ్డీకి మాత్రం రెండింటికీ నువ్వే. ముందుకి పడుకుని ఉంటే గేరువి. ఇంజను వైపు లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే లేచి నిలబడి కిక్కువవుతావు. అది చాలదన్నట్టు, చేత్తో క్లచ్చు పట్టకపోయినా నిన్ను కాలితో తొక్కితే క్లచ్చు దానంతటదే విడుస్తుంది. అంటే రెగ్యులర్ పోస్టు గేరు, పూర్తి అదనపు బాధ్యతలు కిక్కు, మధ్యలో పార్ట్‌టైం క్లచ్చు. జీతం మాత్రం ఒక్కటే, అదీ ఎప్పుడైనా గుర్తొస్తే నాలుగు చుక్కల ఆయిలు.

ఇంతలో కుడి ఎడమల ఎవరున్నారో చూశావా? ఆ బండికి సిలిండరు ఒక్కటే, సైలెన్సర్లు రెండు. మూడు పనులకు ఒక రాడ్డు, పొగ వదలడానికి ఇద్దరు! ఈ సిబ్బంది పంపకం ఎవరు చేశారో గానీ, ఆ మనిషి మైసూరులో కాదు, మా ఆఫీసు ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో పని నేర్చుకునుంటాడని నా అనుమానం. మా దగ్గరా అంతే. మూడు సెక్షన్ల ఫైళ్లు నా బల్ల మీద. నాకు చెరో పక్కనా ఒక్కొక్కరు కూర్చుని, నా పని ఎంతవరకు వచ్చిందో చెప్పి పొగ వదులుతుంటారు. వాళ్లకి నికెలు పూత కూడా తగ్గదు.

మొదటి అభియోగం. మా ఊరి మద్రాసు బస్టాండు సిగ్నల్ దగ్గర బండి ఆగింది. నిన్ను లేపి రెండు తన్నులు తన్నాను, అంటుకుంది. పచ్చ లైటు పడింది. ఎడమ కాలు గేరు కోసం ముందుకి పోతే అక్కడ నువ్వు లేవు. కిక్కు సెక్షన్‌కి పోయినవాడివి అక్కడే నిలబడిపోయావు. వెనక ఆటోలు, వాటి వెనక టౌను బస్సు, అందరి హారన్లు. నేను వంగి నిన్ను చేత్తో మడిచి ముందుకి తోసేసరికి మళ్లీ ఎర్ర లైటు. ‘సారు సీట్లో లేరు, పక్క సెక్షన్‌కి పోయినారు, రేపు రాండి’ అని నేను జనానికి ఎన్నిసార్లు చెప్పుంటానో, ఆ పూట అన్నీ నాకే తిరిగొచ్చాయి.

రెండోది పెన్నా బ్రిడ్జి మీద జరిగింది. కోవూరు నుంచి వస్తున్నాను, మూడో గేరులో ఉన్నాను. ఎక్కడో ఇనుము రాలిన చప్పుడు. పాత బండికి అలాంటి చప్పుళ్లు సహజమని పట్టించుకోలేదు. బ్రిడ్జి దిగాక గేరు మార్చబోతే కాలికి ఏమీ తగల్లేదు, ఉత్త షాఫ్టు. మూడో గేరులోనే ఊళ్లోకి వచ్చాను. ఎక్కడా ఆగే ధైర్యం లేదు. ఆగితే మళ్లీ స్టార్టు చెయ్యడానికీ నువ్వే కావాలి కదా! చివరికి ఒక టీ బంకు దగ్గర దానంతటదే ఆగింది. పది నిమిషాలకి ఒక పిల్లకాయ సైకిలు మీద రొప్పుకుంటూ వచ్చి, “అన్నో, ఇది మీ బండిదేనా?” అని నిన్ను నా చేతిలో పెట్టాడు. కాలిపోతున్నావు. వాడికి టీ ఇప్పించి, నిన్ను రుమాల్లో చుట్టుకున్నాను.

ఇక్కడ ఒక నిజం రికార్డులో పెట్టాలి. నువ్వు ఊడిపోవడానికి కారణం నీ లోపలి పళ్లూ షాఫ్టు పళ్లూ అరిగిపోవడం. అవి అరిగి పదకొండేళ్లయింది. కూల్‌డ్రింకు డబ్బా కత్తిరించి, ఆ రేకు ముక్క మధ్యలో దోపి, బోల్టు బిగించి, ‘తాత్కాలిక ఏర్పాటు’ అన్నాను. ఆ రేకు నాలుగు నెలలకోసారి నలుగుతుంది. నాలుగు నెలలకోసారి నేను కూల్‌డ్రింకు తాగుతాను. తాత్కాలిక ఏర్పాట్ల ఆయుర్దాయం ఎంతో మన ఇద్దరికీ తెలిసినంతగా జిల్లాలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు ఆదివారం సంగతికి వస్తాను.

పొద్దున్నే ఇంజను కవరు విప్పి, ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో చెప్పే పాయింట్లు చూశాను. మాడిపోయి ఉన్నాయి. సన్న ఉప్పుకాగితం పెట్టి రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచాను. పాయింట్ల మధ్య సందు 0.4 మిల్లీమీటరు ఉండాలి. కొలిచే రేకుల కట్ట తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయింది. బల్ల మీద మా సూపరింటెండెంటు గారి అమ్మాయి పెళ్లి శుభలేఖ కనబడింది. దాని మూల దోపి, సందు సరిచేసి, స్క్రూ బిగించాను. పాతకాలం మెకానిక్కులు చాలామంది చేసే పనే ఇది. అయితే వాళ్లు వాడేది పలచటి కార్డు. మా సూపరింటెండెంటు గారిది ఘనమైన పెళ్లి. దళసరి అట్ట, పైన మఖ్‌మల్, వినాయకుడి మీద బంగారు పూత. సందు పెద్దదైపోయింది. సందు పెరిగితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి. పిస్టను పైదాకా రాకముందే నిప్పు పడుతుంది. నేను కిక్కు కొట్టాను. నువ్వు ఎదురు తన్నావు. సూచికలో చెప్పిన స్టాంపు అదే.

కళ్లు బైర్లు కమ్మాయి గానీ బండి స్టార్టయింది. చప్పుడు కొంచెం తేడాగా ఉంది, గొంతులో పల్లీ గింజ అడ్డం పడినవాడు మాట్లాడినట్టు. అయినా సంతోషం. కుంటుతూ ఎక్కి, నిన్ను గేరు స్థానానికి మడిచి, ఫస్టు వేసి, క్లచ్చు వదిలాను.

బండి వెనక్కి పోయింది.

నేను చూస్తున్నది గేటు వైపు, పోతున్నది ఇంటి వైపు. ఎక్సిలేటరు పెంచితే ఇంకా జోరుగా వెనక్కి. తులసికోటకి నీళ్లు పోస్తున్న మా ఆవిడ చెంబు వదిలేసి అరుగెక్కింది. వెనక చక్రం తులసికోటకి తగిలి ఇంజను ఆగింది. గోడ మీద కూర్చున్న పక్కింటి పిల్లకాయ, “అంకుల్ బండికి రివర్సు గేరుండాది రోయ్!” అని వీధంతా చాటాడు.

ఇందులో దెయ్యమేమీ లేదు. ఈ టూ స్ట్రోకు ఇంజనుకి వాల్వులుండవు. ముందుకి తిరిగినా, ఎదురు తన్ని వెనక్కి తిరిగినా, నిప్పు పడితే చాలు పని చేసేస్తుంది. ఎటు పోతున్నామన్నది దాని శాఖకు సంబంధించిన విషయం కాదు. మా ఆఫీసులో పైకి పోవాల్సిన ఫైలు ‘తగు చర్య నిమిత్తం’ అంటూ మళ్లీ టపాల్ సెక్షన్‌కే చేరినప్పుడు కూడా అందరం ఇంతే చురుగ్గా పనిచేస్తుంటాం.

సాయంత్రం స్టోన్‌హౌస్‌పేటలో మెకానిక్ భాయ్ దగ్గరికి తోసుకుపోయాను. ఆయన కవరు తీసి, టార్చి వేసి, ఒక్క చూపు చూశాడు.

“ఏం బెట్టి చూసినారు సార్?”

“శుభలేఖ.”

జేబులోంచి తన రేకు తీసి, సందు సరిచేసి, ఒక్క కిక్కు కొట్టాడు. బండి బుద్ధిగా కూసింది. రెండొందలు తీసుకుంటూ, “ఆఫీసులో గూడా ఇట్టనే చేస్తారా సార్?” అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. అందుకే జవాబు చెప్పలేకపోయాను.

కాబట్టి ఆదివారం నాటి అభియోగం నీ మీద నిలవదు. అయినా నోటీసు వెనక్కి తీసుకోవడం కుదరదు. ఔట్‌వర్డు రిజిస్టరులో నంబరు వేసేశాను.

నీకు సంబంధం లేకపోయినా ట్యాంకు సంగతి ఒకటి విచారణలో ఉంది. నెల్లూరికి అసలు వానలు ఈశాన్యం నుంచి, అక్టోబరు నవంబరుల్లో. ఆ రెండు నెలలు బండి కదల్లేదు. ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు, అది గాల్లో చెమ్మని పీల్చుకుంటుంది. ట్యాంకు అడుగున తుప్పు పేరుకుంది. తుప్పుకి చింతపండు పులుపు మంచి మందు. అరకిలో చింతపండు నానేసి, రసం పిండి, గుప్పెడు పాత నట్లు కూడా వేసి, ట్యాంకుని బాత్రూంలో పెట్టి గంటకోసారి గలగలా ఊపాను. రాత్రంతా నానబెట్టాక కాఫీ డికాషన్ రంగులో తుప్పంతా దిగింది. శుభ్రంగా కడిగి, మళ్లీ తుప్పు పట్టకుండా లోపల టూటీ (టూ స్ట్రోకు ఇంజను) ఆయిలు తిప్పాను. పని గొప్పగా కుదిరింది. తెల్లారి మా బావమరిది కొరమీను పట్టుకొచ్చాడు. మా ఆవిడ మామిడికాయ తరిగి, చట్టి పొయ్యి మీద పెట్టి, చింతపండు డబ్బా మూత తీసింది. ఆ తరవాత కాసేపు ఇంట్లో మాటల్లేవు. నెల్లూరులో, ఆదివారం పూట, మామిడికాయ ముక్కలు ఎదురుగా పెట్టుకుని మేం కొరమీను వేపుడు తిన్నాం. బావమరిది ఇప్పటికీ మా ఇంటికి చేపలు తేడు.

రొట్టెల పండక్కి కూడా పోయొచ్చాను. స్వర్ణాల చెరువులో దిగి పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె అని జనం మార్చుకుంటున్నారు. కిక్కు రొట్టె ఎవరిదగ్గరైనా ఉందేమోనని ఒకాయన్ని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ఆరోగ్యం రొట్టె తీసుకో నాయనా, నీకు అదే కావాలి” అన్నాడు.

2022లో ఎజ్డీ పేరుతో కొత్త బళ్లొచ్చాయి, చూసే ఉంటావు. పోయి షోరూంలో చూశాను. బొత్తాం నొక్కితే స్టార్టు. గేరుకి వేరే రాడ్డు, దాని పని గేరు మాత్రమే. కిక్కు పోస్టే ఎత్తేశారు. నీ బంధువులెవరూ ఆ బండిలో లేరు. పేరు మాత్రం మీ ఇంటి పేరే.

చివరగా ఒక సమాచారం. నీ స్థానంలోకి కొత్త రాడ్డు, కొత్త షాఫ్టు కొని రెండేళ్లయింది. గ్రీజు కాగితంలో చుట్టి, బీరువాలో కింది అరలో, దుప్పట్ల కింద ఉన్నాయి. పోస్టు మంజూరైంది, అభ్యర్థి సిద్ధంగా ఉన్నాడు, భర్తీ మాత్రం జరగలేదు. దీని మీద మా ఆవిడ మౌఖికంగా వివరణ కోరింది: “ఏమండీ, అది వేయించేస్తే ఆదివారాలు మీరేం చేస్తారు?” ఫైలు పరిశీలనలో ఉందని చెప్పాను.

వచ్చే నెలాఖరుకి నా రిటైర్మెంటు. నా మూడు సెక్షన్లూ ఎవరికిస్తారని అడిగితే, ప్రస్తుతానికి పక్క సీటాయనకి అదనపు బాధ్యతలు అన్నారు. పొగాయనకి.

కనుక ఈ నోటీసు అందిన ఏడు రోజుల్లోగా నీ సంజాయిషీ దాఖలు చెయ్యాలి. గడువులోగా జవాబు రాకపోతే చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించి, ఇంకో కూల్‌డ్రింకు తెప్పించడం జరుగుతుంది.

ఇట్లు,
బండి యజమాని (ఇన్‌ఛార్జి)

నకలు: మెకానిక్ భాయ్ గారికి, సమాచారం నిమిత్తం.

నకలు: మా ఆవిడకి, చింతపండు విచారణను దయచేసి ముగించవలసిందిగా కోరుతూ, అరకిలో కొత్త చింతపండు జతపరచడమైనది.