రెండు హార్మోన్ మందులు కలిపితే రోగం ముదురుతుందా?

"రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకాక హార్మోన్ మందులు పనిచేయవు. రెండు కలిపి ఇస్తే ఒంట్లో హార్మోన్లు పెరిగి రోగం ముదురుతుంది. వెంటనే కీమో అడగండి." ఈ సందేశం చాలామందికి చేరింది. దీన్ని నమ్మి ఎవరైనా మందు ఆపేస్తారేమోనని నాకు భయంగా ఉంది.

హార్మోన్లు పెరుగుతాయన్నది పచ్చి అబద్ధం. మెనోపాజ్ దాటినవాళ్లకు ఇచ్చే లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ మాత్రలు ఈ రకం క్యాన్సర్‌ను పెంచే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారీనే ఆపుతాయి. ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ క్యాన్సర్ కణంలో ఈస్ట్రోజన్‌ను అందుకునే రిసెప్టర్‌ను పట్టుకుని, అది నశించేలా చేస్తుంది. మెనోపాజ్ ఇబ్బందులకు వాడే హార్మోన్ మాత్రలు పూర్తిగా వేరు.

రెండు కలిపితే లాభం లేదా? ఇక్కడ జవాబు ఒక్క ముక్కలో రాదు. ఎస్0226 అనే ట్రయల్‌లో మెనోపాజ్ దాటిన సుమారు 700 మందిని పరిశీలించారు. మొదట అనాస్ట్రోజోల్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో మధ్యస్థ జీవితకాలం (చికిత్స మొదలయ్యాక సగం మంది అంతకు మించి బతికిన కాలం) 42 నెలలు. ఫుల్వెస్ట్రాంట్ కూడా కలిపినవాళ్లలో 49.8 నెలలు. అయితే ఇదే జంటను పరీక్షించిన ఫ్యాక్ట్, సోఫియా ట్రయల్స్‌లో లాభం కనిపించలేదు. అంతకుముందు పొందిన చికిత్సను బట్టి ఫలితం మారుతుందని ఒక వివరణ. కాబట్టి ఈ జంట అందరికీ మంచిదని నేను అనను. కానీ రోగం ముదురుతుందని ఈ మూడింటిలో ఏదీ చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడే జంట వేరు. హార్మోన్ మందుకు తోడుగా, కణ విభజనను అడ్డుకునే పాల్బోసిక్లిబ్, రైబోసిక్లిబ్ లాంటి మాత్ర ఇస్తారు. మోనలీసా-2 ట్రయల్‌లో లెట్రోజోల్ ఒక్కటే వాడినప్పుడు 51.4 నెలలున్న మధ్యస్థ జీవితకాలం, రైబోసిక్లిబ్ కలిపితే 63.9 నెలలకు పెరిగింది. ఏడాదికి పైగా ఎక్కువ! అది ఒక కుటుంబానికి ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? తెల్ల రక్తకణాలు తగ్గడం లాంటి ఇబ్బందులు ఉంటాయి, అందుకే రక్తపరీక్షలు తరచూ చేయిస్తారు.

ఇక కీమో. రోగం ఉధృతంగా ఉన్న, మెనోపాజ్ రాని లేదా దానికి దగ్గర్లో ఉన్న మహిళల మీద రైట్ ఛాయిస్ ట్రయల్ జరిగింది. రెండు కీమో మందులు కలిపి ఇచ్చినప్పుడు రోగం సుమారు 12.8 నెలలు అదుపులో ఉంటే, హార్మోన్ చికిత్సకు రైబోసిక్లిబ్ కలిపినప్పుడు 21.8 నెలలు ఉంది. లివర్ లాంటి అవయవం వేగంగా దెబ్బతింటుంటే మాత్రం కీమోనే ముందు ఇవ్వాల్సి రావచ్చు.

ఇదంతా హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (కణాల్లో హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్లు ఉన్న), హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా లేని) రకానికే వర్తిస్తుంది. ఆ రకం తెలిసేది బయాప్సీ రిపోర్టులో. సందేశంలో దాని ఊసే లేదు. కీమో అడిగే ముందు రిపోర్టులో ఈఆర్ (ఈస్ట్రోజన్ రిసెప్టర్), పీఆర్ (ప్రొజెస్టిరాన్ రిసెప్టర్), హెర్2 అన్న మూడు చోట్ల ఏం రాసి ఉందో డాక్టర్‌ను అడగండి.