నేరం ఇసుకది, శిక్ష టైలుకు

గేటు నుంచి పోర్టికో దాకా పరిచిన పార్కింగ్ టైల్స్ కొన్నేళ్ళకు కుంగిపోవడం ప్రకృతి ధర్మమని మన కాలనీల్లో స్థిరపడిన అభిప్రాయం. కారు చక్రాలు నడిచే రెండు చాళ్ళూ దిగిపోతాయి, వాటి నడుమ దిబ్బ తేలుతుంది, స్కూటర్ స్టాండు వేసే చోట గుంట పడుతుంది, తొలకరి వానకే కుళాయి పక్కన ఒక మడుగు వెలుస్తుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ గుమిగూడి, టైల్స్ వంక తేరిపార చూసి, ఇవి పాతబడ్డాయి గనుక తీసేసి కొత్తవి వేయించాలని ఏకగ్రీవంగా తీర్మానిస్తారు. ఆ సభలో నేల తరఫున మాట్లాడేవారు ఎవరూ ఉండరు.

ఇంత చక్కటి సంప్రదాయాన్ని శంకించే మనుషులు కూడా లోకంలో ఉన్నారు. వారు చేసే మొట్టమొదటి అమర్యాద, కుంగిన చోట ఒక టైలును గడ్డపార మొనతో పైకి లేపి అడుగున ఏముందో చూడటం. చూస్తే తరచుగా కనిపించేది ఇది: టైలుకు ఒక్క అంచు కూడా విరగలేదు, కడిగి తిరగేస్తే రెండో వైపు నిన్న కొన్నదానిలా ఉంది, దాని కింద మాత్రం ఒక మూల జానెడు లోతున తడి ఇసుక, ఇంకో మూల ఇసుకే లేని బోలు, ఆ బోలులో చీమల పుట్ట, ఇంకా కిందికి వెళితే ఇల్లు కట్టిన రోజుల్లో మిగిలిన ఇటుక ముక్కలు, చిరిగిన సిమెంటు సంచి, ఏనాడూ దిమ్మిస దెబ్బ ఎరగని పూడిక మట్టి. సాక్ష్యం ఇంత నిక్కచ్చిగా ఉన్నా కేసు టైలు మీదే నడుస్తుంది. ఇసుక పరారీలో ఉంది, టైలు ఎదురుగా ఉంది; ఎదురుగా ఉన్నవాణ్ణి శిక్షించడం ఏ విచారణకైనా సులువు.

నిందితుడి పూర్వ చరిత్రను కూడా న్యాయం కోసం ఒకసారి తిరగేయాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నెదర్లాండ్స్‌లో వీధులకు పరిచే ఇటుకల స్థానంలో, మనం టైల్స్ అని పిలిచే ఈ కాంక్రీటు బ్లాకులు విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. ఓడరేవుల్లో కంటెయినర్లు పేర్చే యార్డుల్లో సైతం ఈ జాతి బ్లాకులే బరువు మోస్తున్నాయి. మన దేశంలో ఈ బ్లాకుల నాణ్యతకు సంబంధించిన 2006 నాటి ఐఎస్ 15658 ప్రమాణం తేలికపాటి వాహనాలు తిరిగే చోటికి 60 మిల్లీమీటర్ల మందం, ఎం-35 గ్రేడు (కాంక్రీటు బలాన్ని తెలిపే కొలత) ఉన్న బ్లాకును సూచించింది. అలాంటి బ్లాకు మన ఇంటి చిన్న కారు కింద ప్రాణం విడిచిందంటే నమ్మాలి, ఎందుకంటే మేస్త్రి చెప్పాడు. నిజానికి ఏ బ్లాకూ ఒంటరిగా బరువు మోయదు. కింద గట్టిగా కుదించిన మొరమో కంకరో ఉండాలి, దాని మీద 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఇసుక అంతటా ఒకే మందంలో ఉండాలి, సందుల్లో సన్నటి పొడి ఇసుక నిండాలి, చుట్టూ కదలని అంచు కట్టు ఉండాలి. అప్పుడే ఒక బ్లాకు మీద పడిన భారాన్ని పక్క బ్లాకులు పంచుకుంటాయి. వీటిలో ఒక్కటీ పని పూర్తయ్యాక పైకి కొట్టొచ్చినట్టు కనిపించదు కాబట్టి, ఎస్టిమేటులో చోటు ఇవ్వనవసరం లేదని విజ్ఞులు తేల్చారు.

గుంటూరు ప్రాంతపు నల్లరేగడిలో ఇల్లున్నవారి సంగతి మరీ గొప్పది. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఏటా ఊపిరి పీల్చి వదిలే నేల మీద పలచగా ఇసుక చల్లి, దాని మీద ఇంద్రధనుస్సు రంగుల టైల్స్ పరిచి, అవి ఎందుకు కదిలాయని ఆశ్చర్యపోవడం అక్కడి గృహస్థుల హక్కు. "కింద తవ్వి మొరం పోద్దామా మేస్త్రీ?" అని ఎవరైనా నోరు జారితే, "కింద కదిలిస్తే ఎక్కడ ఆగుతామో తెలీదు సార్, పైన రాతి డస్ట్ పోసి లెవెల్ చేసేద్దాం" అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. దాంతో చర్చ ముగిసి అసలు విషయానికి, అంటే రంగుకు, మళ్ళుతుంది. ఎరుపు, పసుపు కలపాలా, బూడిద రంగుకు నల్ల అంచు వేయాలా అన్న దాని మీద పెదనాన్నగారి అభిప్రాయం, అమెరికాలోని అబ్బాయి అభిప్రాయం వాట్సాప్‌లో సేకరిస్తారు. నేలను గట్టిపరిచే కంపాక్షన్ మెషీన్ అద్దె మాత్రం దుబారాగా తేలి కొట్టివేతకు గురవుతుంది.

పాత టైల్స్‌నే తీసి, మట్టి మార్చి, పొరలు పొరలుగా కుదించి, కొత్త ఇసుక మీద మళ్ళీ వాటినే పరిచే పద్ధతి ఒకటుంది. విరిగిన కొన్నిటికి మాత్రమే కొత్తవి కావాలి. తీసి మళ్ళీ పరచుకోవడానికి వీలుండటమే ఈ బ్లాకుల ముఖ్య సుగుణం. కానీ ఇందులో ఒక సామాజిక లోపం ఉంది: ఇంత ఖర్చూ చేశాక వాకిలి మునుపటిలాగే కనిపిస్తుంది. చుట్టాలు వచ్చి "ఏం మార్చారండీ?" అని అడిగితే "మొరం" అని చెప్పుకునే ధైర్యం ఎందరికి ఉంటుంది?

ఆ సుగుణాన్ని రూపుమాపే ఏర్పాటు కూడా మనవాళ్ళు చేసే ఉంచారు. గడ్డి మొలుస్తుందన్న భయంతో సందుల్లో సిమెంటు పాలు పోయిస్తారు. దాంతో విడివిడిగా సర్దుకోవలసిన బ్లాకులు ఒక పలచని పలకగా అతుక్కుంటాయి, కింద నేల దిగగానే ఆ పలక పగులుతుంది, తీయబోతే అంచులు ఊడి వస్తాయి. అప్పుడు టైలు పనికిరానిదని నిరూపించడం ఎవరికైనా సాధ్యమే. ఇక నీళ్ళు వీధి వైపు పోయేలా వాటం పెట్టాలన్న మాట: మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు చాలు, అయితే మన ఇళ్ళలో వాటాన్ని ఎక్కువగా వంటింటి స్థానం గురించి చర్చించే వాస్తు పండితుడు నిర్ణయిస్తాడు. నీళ్ళు ఈశాన్యానికి వెళ్ళాలి, కాలువ నైరుతిలో ఉంది. మధ్యేమార్గంగా అవి వాకిట్లోనే నిలుస్తాయి.

పాత టైల్స్ తీసే శ్రమ కూడా ఎందుకని, వాటి మీదే డస్ట్ పోసి కొత్తవి పరిచే కుటుంబాలను నేను ప్రత్యేకంగా అభినందిస్తున్నాను. పాత రోడ్డును చెక్కకుండా దాని మీదే కొత్త రోడ్డు వేసే విధానానికి ఇంటిలోపలి నుంచి అందుతున్న నిశ్శబ్ద మద్దతు ఇది. వీధి ఎత్తు పెరిగితే వాకిలి ఎత్తూ పెరగాలి గదా! చిన్న ఇబ్బంది ఒకటే, పని పూర్తయిన సాయంత్రం గేటు తెరుచుకోదు. వెల్డింగ్ అబ్బాయిని పిలిపించి గేటు అడుగును నాలుగు అంగుళాలు కోయిస్తారు, పోర్టికో మొదటి మెట్టు నేలలో కలిసిపోతుంది, నీళ్ళ సంపు మూత గుంటలో పడి వాననీటిని సాదరంగా లోపలికి ఆహ్వానిస్తుంది. కోసిన గేటు ముక్కలను మాత్రం పారేయకుండా మేడ మీద దాచిపెడతారు, మళ్ళీ ఎప్పుడైనా నేల కిందికి దిగితే అతికించుకోవచ్చని.