ఇల్లు చెన్నైలో ఉందమ్మా

విజయవాడ నుంచి విశాఖపట్నం ఎలా వెళ్లాలనే విషయంలో మనమంతా ఇన్నాళ్లూ పొరబడ్డాం. పొద్దున్నే రత్నాచల్ ఎక్కి, తుని దగ్గర ఓ కునుకు తీసి, మధ్యాహ్నం భోజనం వేళకి దిగితే చాలనుకున్నాం. అది ఉత్త అమాయకత్వం. పటమటలో ఉండే మా బావగారు ఈమధ్య స్వయంగా నిరూపించిన ప్రకారం, విశాఖ వెళ్లదలుచుకున్నవాడు ముందు దానికి వీపు చూపించి సుమారు 450 కిలోమీటర్లు చెన్నై దాకా పోవాలి. అక్కడ ఓడెక్కి, పోయిన దారినంతా సముద్రం మీద వెనక్కి వచ్చి, మచిలీపట్నాన్ని దాటి విశాఖలో దిగాలి. భోంచేయాలి. మళ్లీ అదే ఓడలో పుదుచ్చేరి మీదుగా చెన్నై పోవాలి. ఎందుకంటే ఇల్లు అక్కడుంది.

ఇల్లంటే పటమటలో ఉన్న ఫ్లాటు కాదు. దానికి తాళం వేసి, వాచ్‌మన్‌కి చెప్పి, బావగారు అద్దెకు తెచ్చిన మోటారు హోమ్. మంచం, వంటిల్లు, ఫ్రిజ్జు, బాత్రూమ్, ఏసీ అన్నీ నాలుగు చక్రాల మీద ఉన్న బండి. సినిమావాళ్లు క్యారవాన్ అంటారు. ఇలాంటి బండ్లకి మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉందని బావగారు నాకు మూడుసార్లు చెప్పారు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. ఏ పని చేసినా దాని వెనక ఒక సిద్ధాంతం లేకపోతే ఆయనకి అన్నం సహించదు.

ఈ యాత్ర వెనకా ఒకటుంది. "ఏమోయ్, బెజవాడవాళ్లకి ఇది కొత్తా?" అన్నారు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నిండా పడవలే. బందరు కాలువలో పడవెక్కితే రేవు. కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడితే మద్రాసు. ఇంగ్లీషువాడు 1611లోనే బందరులో కొట్టు పెట్టాడంటే ఊరికే పెట్టాడా? పడవలోనే వంట, పడవలోనే పడక. ఇల్లు కదులుతూనే ఉండేది. మధ్యలో రైలనే అపచారం వచ్చి జాతి మొత్తాన్ని చెడగొట్టింది. ఆ తప్పు దిద్దే బాధ్యతని బావగారు, అక్కయ్యను సంప్రదించకుండా, ఇద్దరి నెత్తినా వేసుకున్నారు.

కదిలే ఇంటికి మొదటి పరీక్ష వాళ్ల సందులోనే ఎదురైంది. బండి ఎత్తుకి కేబుల్ టీవీ తీగలు అడ్డం. చివరికి వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళ్లేటప్పుడు తీగలెత్తే కుర్రాణ్ణే పిలిపించారు. అతను అలవాటు కొద్దీ టాపు మీదకెక్కి, పొడుగాటి కర్రతో ఒక్కో తీగా ఎత్తుతూ, "జై బోలో" అన్నాడట. సందులో సగం మంది అప్రయత్నంగా దణ్ణం పెట్టారు.

రెండో విషయం డ్రైవరు. 34 ఏళ్ల కాపురం తర్వాత ఇద్దరే ఏకాంతంగా తిరగాలన్నది అసలు సంకల్పం. ఈ బండితో పాటు ఒక డ్రైవరు కూడా వచ్చాడు. తెనాలి కుర్రాడు, మంచివాడు, రాత్రిళ్లు ముందు సీట్లో పడుకుని గురక పెడతాడు. గుంటూరు రాకముందే అక్కయ్య అతనికి పెళ్లి సంబంధం ఆలోచించడం మొదలుపెట్టింది. కాజ టోల్‌గేట్ దగ్గర రసీదు ఇచ్చే అబ్బాయి బండిని ఎగాదిగా చూసి, "ఏ పార్టీ సార్?" అనడిగాడు. కిటికీలోంచి లుంగీతో బావగారు తొంగి చూసేసరికి ఇండిపెండెంటని తేల్చుకున్నాడు.

తప్పు ఆ అబ్బాయిది కాదు. ఇలాంటి బండి అనగానే తెలుగువాడికి గుర్తొచ్చేది ఎన్టీఆర్ గారి చైతన్య రథమే. 1982లో పాత షెవర్లే వ్యానుని రథంగా మార్చుకుని, దాంట్లోనే తిరిగి, రోడ్డు పక్కనే స్నానం చేసి, పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి అయ్యారాయన. బావగారూ రోడ్డు పక్కన స్నానం చేశారు. కావలి దాటాక, పొలంలో బోరు కింద. ఆయనకి జలుబు వచ్చింది.

ఆ స్నానానికి కారణం ఒంగోలు. అక్కడ మా పిన్ని కొడుకు ఉన్నాడు. "ఇంటి ముందు దాకా వచ్చి బండిలో పడుకుంటారా? వీధిలో మా పరువేం కావాలి?" అని వాడు ఒకటే గొడవ. సరేనని దంపతులు వాడింట్లో పడుకున్నారు. వాడి పిల్లలూ పక్కింటి పిల్లలూ కలిసి బండిలో పడుకుని తెల్లవార్లూ ఏసీ వేశారు. ఇలాంటి బండ్లలో ఇంజనుకి ఒక బ్యాటరీ, ఇంటికి ఇంకో బ్యాటరీ ఉంటాయి. ఇంటి బ్యాటరీ పడిపోతే బండి నడుస్తుంది గానీ పంపు తిరగదు. కుళాయి విప్పితే గాలి వస్తుంది.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ట్యాంకుల గురించి కూడా చెప్పాలి. మొత్తం మూడు. ఒకటి మంచినీళ్లది, రెండోది సింకూ స్నానం నీళ్లది, మూడోదాని పేరు పత్రికా మర్యాద రీత్యా రాయను. అది నిండుతుంది. నిండాక ఎవరో ఒకరు తీసుకెళ్లి ఒంపాలి. "అది నా డ్యూటీ కాదు సార్" అన్నాడు డ్రైవరు, ఎంతో వినయంగా. ఎన్ని క్యూసెక్కులు వదలాలో కాగితాల మీద సంతకాలు పెట్టిన చెయ్యి, నెల్లూరు దగ్గర ఒక పెట్రోలు బంకు వెనక, మొదటిసారి ఆ పని స్వయంగా చేసింది. ఈ ఘట్టాన్ని ఇంతకన్నా పొడిగించను.

ఇవన్నీ చిల్లర కష్టాలు. అసలు సంగతి వంటిల్లు. ఆ బండి చూపించినప్పుడు దాని యజమాని ముందుగా తెరిచింది ఆ తలుపే అట. రెండు బర్నర్ల పొయ్యి, బుల్లి సింకు, గరిటెలకి కొక్కేలు. "మేడమ్, ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అన్నాడట. నిజమే చెప్పాడు. అచ్చం ఇంట్లో ఉన్నట్టే ఉంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పూ చారూ, నాలుగింటికి టీ, రాత్రికి చపాతీ. తినేవాళ్లు ఇద్దరు కాదు, ముగ్గురు. కిటికీలోంచి పొలాలు చూస్తూ తినడంలో ఉన్న ఆనందం వేరని బావగారు నాకు ఫోన్లో వర్ణించారు. పొలాలు ఆయన చూశారు. అక్కయ్య పోపు చూసింది. మలుపు వచ్చినప్పుడల్లా మూకుడు ఎటు జారుతుందో చూసింది.

చెన్నై రేవులో పరిస్థితి తిరగబడింది. ఓడలోకి బయటి తిండి తేకూడదు, వండుకునే కరెంటు సామాను అసలే తేకూడదు. స్కానర్‌లో ఆవకాయ సీసా, గోంగూర సీసా, చిన్న రైస్ కుక్కరు వరసగా కనిపించాయి. కుక్కరు పక్కన పెట్టిన సెక్యూరిటీ అమ్మాయికి అక్కయ్య పదిసార్లు థాంక్స్ చెప్పిందని బావగారు ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు. సామానంతా డ్రైవరు వెనక్కి పట్టుకెళ్లాడు. అలా ఐదు రాత్రులూ రోజు లెక్కన పార్కింగు కట్టించుకుంటూ ఆ బండి చెన్నైలో ఒక ఆవకాయ సీసాకి కాపలా కాసింది.

పడుకోవడానికి కిటికీ దేనికని బావగారు కిటికీ లేని క్యాబిన్ తీసుకున్నారు. సముద్రం మీదికి పోయి సముద్రం కనపడని గదికి డబ్బు కట్టిన ఇంజినీరు ఆయన. అక్కయ్యకి ఆ గదితో పనే లేకపోయింది. పొద్దున్నే డెక్ మీదకెళ్లి కూర్చునేది. ఎవరో వండారు, ఎవరో వడ్డించారు, ఎవరో కడిగారు. సాంబారులో ఉప్పు తక్కువైతే ఆమెకేసి ఎవరూ చూడలేదు. "ఇవాళ కూరేంటి అని ఐదు రోజులు నన్నెవరూ అడగలేదురా" అంది నాతో. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు ఫోన్లో కొత్తగా వినిపించింది.

రెండో రాత్రి బావగారు డెక్ మీద నిలబడి పడమటి వైపు వేలు చూపించారు. "అదిగో, అటు హంసలదీవి. మన కృష్ణ సముద్రంలో కలిసేది అక్కడే." దీపం కాదు కదా, ఫోన్లో సిగ్నల్ కూడా లేని నడిసముద్రం అది. ఇంటి దగ్గర ప్రకాశం బ్యారేజీ గేట్లు దాటిన నీళ్లు కూడా అక్కడికే వస్తాయి, డీజిలూ టికెట్టూ లేకుండా. అక్కయ్యకి మాత్రం వేరే బెంగ పట్టుకుంది. గ్యాసు కట్టేశానా లేదా అని. ఏ ఇంటి గ్యాసో ఆమెకే తెలియలేదట.

విశాఖ రేవులో 2023లో కట్టిన కొత్త క్రూయిజ్ టెర్మినల్ దగ్గరికి వాళ్ల రెండో అమ్మాయి కారు తెచ్చింది. మద్దిలపాలెంలో కాపురం. భోజనాలయ్యాక, "వచ్చారు కదా, ఓ వారం ఉండండి నాన్నా" అంది. బావగారు గడియారం చూసుకున్నారు.

"కుదరదమ్మా. ఇల్లు చెన్నైలో ఉంది."

"అయ్యో నాన్నా, రత్నాచల్ ఎక్కి రావలసింది కదా!"

ఆయన జవాబు చెప్పలేదు. సిద్ధాంతాలు అర్థం చేసుకునే వయసు కాదు ఆ పిల్లది.

ఈ అనుభవం ఆధారంగా సంబంధిత అధికారులకి నాదొక విన్నపం. ఏఐఎస్-124ని ఒక్కసారి సవరించండి. బ్రేకులూ ఎగ్జిట్ తలుపులూ ఎలాగూ చూస్తున్నారు కాబట్టి, వంటింటి పొయ్యి దగ్గర కూడా ఒక సీటు బెల్టు పెట్టించండి. దాన్ని వాహనం అద్దెకు తీసుకున్న వ్యక్తి మాత్రమే కట్టుకోవాలని రాయండి.

త్వరగా రాస్తే మంచిది. ఎందుకంటే బావగారి చూపు ఇప్పుడు కాశీ మీద పడింది. 2023 జనవరిలో మొదలైన గంగా విలాస్ అనే నదీ నౌక కాశీ నుంచి అస్సాంలోని డిబ్రూగఢ్ దాకా 51 రోజుల్లో 3,200 కిలోమీటర్లు పోయింది. పటమట నుంచి కాశీ దాకా మోటారు హోమ్, అక్కణ్ణుంచి గంగ మీద ఓడ. డిబ్రూగఢ్‌లో దిగాక ఇంటి కోసం మళ్లీ కాశీకి రావాలి కదా అని నేనంటే, "అది తర్వాతి సంగతోయ్" అన్నారు.

అక్కయ్య కాదనలేదు. తాను మాత్రం రైల్లో తిన్నగా కాశీకి వచ్చి ఓడ దగ్గర కలుసుకుంటానంది. బావగారు రెండు రోజులు ఆలోచించి, నిన్న తెనాలి డ్రైవరుకి ఫోన్ చేశారు. ఆ వారంలో ఖాళీయేనా అని అడిగారు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, పప్పు చేయడం వచ్చా అని అడిగారు.