కారుకు ఎండ, గుడారానికి నీడ

టెక్సాస్‌లో డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ వైపు మన తెలుగువాళ్లు దండిగా ఉండే వీధుల్లో జులై నెల మిట్టమధ్యాహ్నం ఒక చుట్టు తిరిగి రండి. 40 వేల డాలర్ల కారు డ్రైవ్‌వేలో ఎండకు మాడిపోతూ ఉంటుంది. 150 డాలర్ల గుడారం మాత్రం గరాజ్ లోపల నీడపట్టున ఉంటుంది. దీన్ని చూసి నవ్వేవాళ్లకి మన మర్యాదలు తెలియవనుకోవాలి. చుట్టం వస్తే పట్టెమంచం ఆయనకిచ్చి, ఇంటాయన అరుగు మీద తువ్వాలు పరుచుకునే జాతి మనది. కారు ఇంటి మనిషి. రోజూ ఆఫీసుకు వెళ్తుంది, పిల్లల్ని బడి దగ్గర దింపుతుంది, బియ్యం బస్తాలు మోస్తుంది. ఇంటి మనిషికి మర్యాదలేమిటి? గుడారం ఏడాదికోసారి బయటికొచ్చే పెద్దమనిషి. దాన్ని ఎండలో నిలబెడితే నలుగురూ ఏమనుకుంటారు?

ఇది మన ఒక్కళ్ల ఆచారమే అనుకుని సిగ్గుపడనక్కర్లేదు. 2001, 2005 మధ్య అక్కడి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) పరిశోధకులు లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్లలోకి వెళ్లి వస్తువులన్నీ లెక్కపెట్టారు. నాలుగింట మూడొంతుల గరాజుల్లో కారుకు చోటే లేదని తేలింది. అంటే ఈ విషయంలో మనం అమెరికా సమాజంలో పూర్తిగా కలిసిపోయాం. ఇంగ్లీషు యాసలో, బేస్‌బాల్ నియమాల్లో రాని కలయిక గరాజ్‌లో వచ్చింది. కాబట్టి ఎగతాళి మాని, ఈ పద్ధతిని శాస్త్రీయంగా ఎలా బలపరచాలో ఆలోచిద్దాం.

ముందు సామాను ఎలా పుడుతుందో చూడాలి. ఏప్రిల్‌లో ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో "మెమోరియల్ డేకి క్యాంపింగ్ పోదామా?" అంటారు. మే నెల ఆఖరి సోమవారం వచ్చే సెలవు అది. ఎక్కడికి, ఎంతమంది అని తేలకముందే ఆదివారం కాస్ట్‌కో నుంచి గుడారం వచ్చేస్తుంది. ఎనిమిది మందికి అని పెట్టె మీద రాసి ఉంటుంది. భుజానికి భుజం ఆనించి, తెల్లారేదాకా పక్కకి ఒత్తిగిలకుండా పడుకోగల ఎనిమిది మంది అన్నమాట. మనకైతే నలుగురికి, ఒక కుక్కరుకి, మూడు సూట్‌కేసులకి సరిపోతుంది. దాని వెంట రెండు బర్నర్ల స్టవ్వు, మడత కుర్చీలు, చక్రాల కూలర్, నీడకి కనోపీ, గాలి పరుపు, ఆ పరుపుకి పంపు. తీరా ఓక్లహోమాలో బీవర్స్ బెండ్ చేరాక బిర్యానీ రెస్టారెంట్ నుంచి అల్యూమినియం ట్రేలలో వచ్చే ఉంటుంది. రెండు బర్నర్ల స్టవ్వు మీద మనం వండేది టీ.

సోమవారం సాయంత్రం వానలో గుడారం పీకి, తడితడిగానే సంచిలో కుక్కుతాం. ఇంటికెళ్లాక ఆరబెడదాం అనుకుంటాం. ఇక్కడ కాసేపు వ్యంగ్యం పక్కన పెట్టి చెప్పాలి: తడి గుడారాన్ని మడిచి పెడితే బూజు పడుతుంది, లోపలి పాలియురేథేన్ పూత కొన్నాళ్లకి జిగటగా మారి పెచ్చులుగా ఊడుతుంది. గాలికి బాగా ఆరాకే లోపల పెట్టాలి. ఆరిన గుడారం మళ్లీ తన సంచిలో పట్టదన్నది వేరే సంగతి. స్లీపింగ్ బ్యాగుల విషయం ఇంకా గంభీరమైనది. వాటిని చిన్న సంచిలో నొక్కి ఉంచితే లోపలి ఈకలు అణగారి వెచ్చదనం పోతుంది కాబట్టి నిలువునా, వదులుగా వేలాడదీయాలంటారు తెలిసినవాళ్లు. నలుగురున్న ఇంట్లో గరాజ్ గోడకి మనిషెత్తు ఆకారాలు నాలుగు వేలాడతాయి. ఊరి నుంచి వచ్చిన అత్తగారు రాత్రి చీకట్లో పచ్చడి జాడీ కోసం అటు వెళ్లారంటే వీధంతా లేస్తుంది.

ఆటల సామానుకి సిద్ధాంతం వేరు. పెద్దాడి సైకిలు చిన్నాడికి పనికొస్తుంది. చిన్నాడిది ఎప్పటికైనా వీసా వచ్చి దిగబోయే బావమరిది పిల్లలకి పనికొస్తుంది. ఆ లెక్కన 12 అంగుళాల చక్రాల సైకిలు, 16, 20, 24 అంగుళాలవి వరసగా గోడకి వేలాడుతూ ఉంటాయి. పెద్దాడు ఇప్పుడు డ్రైవింగ్ టెస్టుకి చదువుతున్నాడు. వీకెండ్ లీగులో కెప్టెన్ అయినవాడి గరాజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. టీము మొత్తం స్టంపులు, ప్యాడ్లు, చుట్టిన పిచ్ మ్యాటు అక్కడే. ఆయన భార్య ఆ మ్యాటు ఎప్పుడు కదులుతుందని అడగడం మానేసింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉందని తెలిశాక ఆయన అసలు వినే స్థితిలో లేడు. మోకాలి నొప్పితో మూడో ఓవర్‌లో ఫైన్ లెగ్‌కి వెళ్లిపోయే మనిషి. గరాజ్ దృష్ట్యా చూస్తే నాసిరకం ఆట పికిల్‌బాల్ ఒక్కటే: రెండు బ్యాట్లు, నాలుగు బంతులు, ఒక సంచీ. దాని పేరు చెప్పి ర్యాక్ కొనడానికి ఏ భార్యా, ఏ భర్తా ఒప్పుకోరు.

ర్యాకుల దగ్గరికి వచ్చాం కాబట్టి చెప్పాలి. కప్పుకి బిగించే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడుగు ఇనప అరని ఇక్కడివాళ్లు ఏదో కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముతున్నారు. గుంటూరు నుంచి ఆరు నెలలకి వచ్చిన మావయ్యగారు తలెత్తి ఒక్క చూపు చూశారు.

"అటక కట్టించారా అల్లుడుగారూ?"

"ఓవర్‌హెడ్ ర్యాక్ అండీ మావయ్యగారూ. 600 పౌండ్లు ఆపుతుంది."

"మా అటక మీద మూడు గంగాళాలు, పెళ్లిపందిరి గుంజలు, మీ అత్తగారి వైపువాళ్లు పెట్టిన బిందెలు అన్నీ ఉండేవి. కింద మేం పడుకునేవాళ్లం."

ఆయన ధీమాకి కారణం అది రాతిగోడ కావడం. ఇక్కడ తెల్లగా కనిపించే గోడ జిప్సమ్ అట్ట. దాని వెనకాల నిలువు చెక్కలు చాలా ఇళ్లలో 16 అంగుళాలకొకటి ఉంటాయి. గోడకైనా కప్పుకైనా బోల్టు చెక్కలో దిగితేనే ఆ 600 పౌండ్ల మాట నిజం. వట్టి అట్టలో దిగితే సైకిలు, దానితోపాటు గోడ కూడా కిందికొస్తాయి. ఇదంతా మావయ్యగారికి వివరించి చెప్పేసరికి ఆయన టీవీ వచ్చిన అట్టపెట్టె, థర్మోకోల్, ప్లాస్టిక్ తాళ్లు చుట్టలు చుట్టి పైకి ఎక్కించేశారు. ఎప్పటికైనా పనికొస్తాయట.

ఇక డబ్బాలు. 27 గ్యాలన్లవి, నల్ల డబ్బా పసుపు మూత, ప్రతి గరాజ్‌లోనూ అవే. లోపల ఏముందో బయటికి కనపడదు కాబట్టి లేబుల్ అంటించాలి. అంటిస్తాం. "క్యాంపింగ్ 1", "క్యాంపింగ్ 2", "క్యాంపింగ్ ఇతరములు". ఈ మూడో డబ్బా మీదే నాగరికత మొత్తం నిలబడి ఉంది. సర్దినవాడికి ఓపిక అయిపోయిన చోట "ఇతరములు" మొదలవుతుంది. బీవర్స్ బెండ్‌లో చీకటి పడే వేళకి గుడారం మేకుల కోసం ఆ డబ్బా మూత తీస్తే పాత చీరలో చుట్టిన దశావతారాల సెట్టు, కొలువు మెట్లకి పరిచే తెల్లగుడ్డ బయటపడ్డాయి. మేకులు ఇంట్లో బొమ్మల కొలువు డబ్బాలో ఉన్నాయి. దసరాదాకా ఆగితే దొరికేవి.

ఒక్క గ్యాస్ సిలిండర్ విషయంలో మాత్రం సరసం వద్దు. గ్రిల్లు ప్రొపేన్ సిలిండర్లు గరాజ్‌లో ఉంచకూడదు, ఆరుబయట నిలువుగా ఉంచాలి. ప్రొపేన్ గాలికంటే బరువు, లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది. చాలా ఇళ్లలో గ్యాసుతో నడిచే వాటర్ హీటర్ కూడా గరాజ్‌లోనే ఉంటుంది మరి. పెట్రోలు ఆవిరిదీ అదే గుణం. హీటర్ మంట నేల నుంచి కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలన్న నియమం అందుకే పెట్టారు. అయినా మనవాళ్లు హీటర్ అరుగు ఖాళీగా ఉందని దాని మీద చెప్పులు సర్దుతారు.

వసంతకాలంలో ఉత్తర టెక్సాస్‌కి వడగళ్ల వానలు వస్తాయి. గోల్ఫ్ బంతులంత రాళ్లు ఆకాశం నుంచి కారు మీద పడుతుంటే, అసలు గోల్ఫ్ బంతులు లోపల డబ్బాలో పదిలంగా ఉంటాయి. కానీ అలాంటి రాత్రి వడగళ్ల హెచ్చరికతో ఫోన్లన్నీ ఒక్కసారి మోగగానే వీధిలో జరిగే పని చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కారుని లోపల పెట్టడానికి చోటు లేదు కాబట్టి లోపలి సామాను బయటికొస్తుంది. స్లీపింగ్ బ్యాగులు బానెట్ మీదికి, గాలి పరుపు పైకప్పు మీదికి, యోగా మ్యాట్లు అద్దాలకి, అన్నీ కలిపి కనోపీ తాళ్లతో కట్టు. "ఏవండీ, ఆ మ్యాటు కూడా తెండి!" అని కెప్టెన్ భార్య కేక. క్యాంపింగ్ సామాను పూర్తిగా, ఒక్క వస్తువు మిగలకుండా వాడేది ఏడాదిలో ఆ ఒక్క రాత్రే. డబ్బులు వృథా అయ్యాయనేవాళ్లు ఈ సంగతి గుర్తించాలి.

అన్నిటికంటే కష్టమైన అతిథి కాయక్ అనే సన్నటి తెడ్డు పడవ. పదడుగుల పొడుగు. చివర్ల పిడులకి తాడు కట్టి వేలాడదీస్తే నడుం వంగిపోతుంది, వెడల్పాటి పట్టీల మీద పక్కకి వాల్చి పెట్టాలి. వేసవిలో గరాజ్ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, ఆనిన చోట సొట్ట పడుతుంది. పోనీ ఇంటి పక్కన కంచె వెంట పెడదామంటే వీధిలోకి కనపడుతోందని హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ల యజమానుల సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. అందుకే కాయక్ కొన్నవాళ్లు రెండే పనులు చేయగలరు: ర్యాక్ కొనడం, లేదా గరాజ్ సేల్ పెట్టడం. మా వీధిలో నారింజరంగు కాయక్ ఒకటి ఇప్పటికి నాలుగు ఇళ్లు మారింది. కొన్న ప్రతివాళ్లూ మనవాళ్లే. మొన్న శనివారం ఐదో బేరం జరిగింది.

"ఎప్పుడైనా నీళ్లలో దించారా అన్నా?"

"లేదు తమ్ముడూ. కింద స్టిక్కరు చూడు, కొత్తదే."

"సరే, 80కి ఇచ్చేయండి. ర్యాక్ కూడా దాంతోనే కదా?"

"ర్యాక్ ఎలా ఇస్తాను? ఖాళీ అయిందిగా, మీ వదిన ప్యాడిల్‌బోర్డ్ చూసి పెట్టింది."