శ్రీ 192.168.0.1 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 192.168.0.1 గారి సముఖమునకు,

ఇంటి రూటర్ అయిన మీ నీడన ఒకే ఇంటర్నెట్ కనెక్షన్ పంచుకుంటున్న నాలుగు కంప్యూటర్ల తరఫున ఈ విన్నపం. లెక్కలేనన్ని ఇళ్లలో ఇదే అడ్రసు పేరుగా కొలువుదీరి ఉన్నా, గడప దాటితే మిమ్మల్ని గుర్తుపట్టే నాథుడు లేడు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం మీ వంశాన్ని లోపలి వాడకానికే కట్టడి చేసింది.

అయినా మీ దర్జాకు లోటు లేదు. మాలో ఎవరేమి అడిగినా, ఆ ప్యాకెట్ (సమాచారపు చిన్న పొట్లం) మీద వారి అడ్రసు చెరిపి, బయటి లోకానికి తెలిసేలా మన ఇంటికున్న ఒక్కగానొక్క పబ్లిక్ ఐపీ అడ్రసు వేసి, ఏ పోర్టు నంబరు (ఒక్కో సంభాషణకు వేసే గుర్తు సంఖ్య) ఎవరిదో మీ పద్దులో రాసుకుని పంపుతారు. జవాబు రాగానే పద్దు తిరగేసి అడిగినవారికే అందజేస్తారు. ఇందులో మీకు వంక పెట్టలేను. పద్దులో లేనివారిని గుమ్మంలోనే ఆపేయడం (దీన్ని భద్రత అని పొగిడేవారున్నారు గానీ, అది ఎవరికివ్వాలో తెలియని తికమక) మాత్రం బయటివారికి జవాబివ్వాల్సిన నా చిన్న సర్వరుకు పెద్ద శిక్ష. దాని కోసం పోర్టు ఫార్వర్డింగ్ అనే (ఈ పోర్టుకొచ్చినవారిని ఫలానా అడ్రసుకు పంపమనే) సిఫారసు ఉత్తరం సమర్పించుకుంటే, డీహెచ్‌సీపీ (గడువు మీద అడ్రసులు పంచే పద్ధతి) పేరుతో మీరే సర్వరు అడ్రసు మార్చేస్తారు. ఉత్తరం పట్టుకొచ్చినవారు వెళ్లి ఆ పాత అడ్రసు దక్కిన ప్రింటరు తలుపు తడతారు.

1999లో ఇంటర్నెట్ పంచే ఏర్పాటుతో విండోస్ 98 సెకండ్ ఎడిషన్ వచ్చినప్పుడు మీరు మోడెం తగిలించిన కంప్యూటరులోనే పరకాయప్రవేశం చేసేవారు. దాన్ని ఎవరైనా ఆపితే మిగతావన్నీ సన్యాసం పుచ్చుకునేవి. ఇప్పుడు రూటర్‌గా సొంత శరీరం దాల్చారు, సంతోషం.

అసలు బాధ అప్‌లోడ్‌తో. ఒకరు వీడియోలు పైకి పంపడం మొదలుపెట్టగానే, ఒక్క ప్యాకెట్‌నైనా వదులుకోవడానికి మనసొప్పక మీరు అన్నింటినీ మీ తాత్కాలిక నిల్వ అయిన బఫర్‌లో పోగేస్తారు. ఆ వరుస చివర నా వీడియో కాల్ నిలబడుతుంది. మరొకరి డౌన్‌లోడుకు వెళ్లవలసిన ‘అందింది’ అనే బుల్లి రసీదులూ అక్కడే నిలబడతాయి కనుక, పైకి పంపేవాడి వల్ల కిందికి దించుకునేవాడూ కుంటుపడతాడు. క్యూ మేనేజ్‌మెంట్ అనే వరుసలను అదుపు చేసే విద్య నేర్చిన మీ సాటివారు అప్‌లోడును లైను వేగం కంటే కాస్త తక్కువకు కట్టేసి ఈ పోగును పెరగనివ్వరట. మీకు ఆ విద్య అబ్బలేదు, మేమేమో ఒకరినొకరు తిట్టుకుంటున్నాము.

మీ అడ్రసుల మార్పిడిని 1994లో ఆర్‌ఎఫ్‌సీ 1631 తాత్కాలిక ఉపాయంగానే ప్రతిపాదించింది. 2011 ఫిబ్రవరి 3న ఐపీవీ4 అనే పాత తరం అడ్రసుల కేంద్ర నిల్వ పూర్తిగా ఖాళీ అయింది. ప్రతి యంత్రానికీ సొంత అడ్రసు ఇవ్వగల 128 బిట్ల కొత్త తరం ఐపీవీ6 సిద్ధంగా ఉంది. తమరు మాత్రం ఇంకా తాత్కాలికంగానే కొనసాగుతున్నారు.

జవాబు దయచేయదలిస్తే ప్రస్తుతం నా అడ్రసు 192.168.0.14. లీజు రేపటితో ముగుస్తుందన్న సంగతి మీకు తెలియనిది కాదు.