నోరు ఎప్పుడూ ఒకవైపే జారుతుందేం?

రాజకీయ నాయకుడు ఒక జాతినో, ప్రాంతాన్నో, ఒంటి రంగునో పట్టుకుని నోరు పారేసుకున్న ప్రతిసారీ జరిగే తంతు మనకు కొత్త కాదు. మొదట వీడియో వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. మరునాడు ‘నా మాటలను వక్రీకరించారు’ అంటారు. ఇంకా వేడి తగ్గకపోతే ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే చింతిస్తున్నా’ అని ఓ ముక్క వదులుతారు. టీవీ చర్చ మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: కావాలని అన్నారా, ఫ్లోలో వచ్చేసిందా?

కావాలనే అన్నారు. స్క్రిప్టు రాసుకుని వచ్చారని నేననడం లేదు. ఎవరిని ఎంత మాటంటే తనకు నష్టం ఉండదో నాయకుడికి మైకు పట్టుకోకముందే తెలుసు. ఆ లెక్క ఒంటికి పట్టేసి ఉంటుంది. మార్కెట్ యార్డులో కాటా ఒకసారి అటు, ఒకసారి ఇటు మొగ్గితే పొరపాటని సర్దుకోవచ్చు. సీజన్ పొడవునా రైతు బస్తాలే తక్కువ తూగుతుంటే అది పొరపాటని నమ్మే రైతు ఆదోనిలోనూ ఉండడు, కర్నూలులోనూ ఉండడు. సొంత ఓటర్ల మీదో, సొంత కులపోళ్ల మీదో, ఎన్నికలకు డబ్బు పెట్టే పెద్దమనుషుల మీదో ‘ఫ్లోలో’ నోరు జారిన నాయకుణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి. దొరకడు.

2015 మార్చిలో రాజ్యసభలో బీమా బిల్లు మీద చర్చ జరుగుతోంది. విదేశీ పెట్టుబడి వాటాను 26 నుంచి 49 శాతానికి పెంచే బిల్లు అది. జేడీ(యూ) నేత శరద్ యాదవ్ లేచి, ఈ దేశానికి తెల్లతోలు మోజు ఎక్కువని మొదలుపెట్టి, దక్షిణాది మహిళల నల్లని ఛాయను, ఒంటి తీరును వర్ణించే దాకా పోయారు. బీమాకూ దానికీ ఏం సంబంధమని అడగాల్సిన పెద్దల సభలో నవ్వులు వినిపించాయి. కనిమొళి అభ్యంతరం చెప్పినా ఆయన వెనక్కి తగ్గలేదు. నన్నడిగితే ఆ ప్రసంగం కంటే ఆ నవ్వులే పెద్ద సాక్ష్యం. నవ్వుతారని తెలిసినచోటే ఎవరైనా అలాంటి మాట అంటారు. అదే మాట చెన్నైలోనో కర్నూలులోనో, ముందు వరసలో ఆడవాళ్లు కూర్చున్న సభలో అని ఉండేవారా? అక్కడ నోరు దానంతటదే అదుపులో ఉంటుంది. అదుపు చేసుకోగలిగిన నోరు వదిలేశారంటే, అది వదలడమే గానీ జారడం కాదు.

మిగతావి చదువరులకు గుర్తుండే ఉంటాయి, గబగబా చెప్పేస్తాను. 2015లోనే బీజేపీ నేత, అప్పటి కేంద్ర సహాయ మంత్రి గిరిరాజ్ సింగ్ సోనియా గాంధీని అనబోయి నైజీరియా మహిళలను మధ్యలోకి లాగారు. రాజీవ్ గాంధీ నైజీరియా అమ్మాయిని చేసుకుని ఉంటే కాంగ్రెస్ ఆమెను నాయకురాలిగా ఒప్పుకునేదా అన్నది ఆయన ప్రశ్న. 2017లో గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థుల మీద దాడులు జరిగాక, బీజేపీ నేత తరుణ్ విజయ్ ఓ విదేశీ చానల్‌లో దేశాన్ని వెనకేసుకొచ్చారు. మాకు జాతి వివక్షే ఉంటే దక్షిణాదివాళ్లతో కలిసి ఎలా బతుకుతాం అని వాదించారు. ఆయన చదివిన ఆ చిట్టాలో ఆంధ్ర పేరూ ఉంది. మనతో కలిసి బతకడం వాళ్ల ఔదార్యమన్నమాట! ఇద్దరూ విచారం ప్రకటించారు. ఆ తర్వాత గిరిరాజ్ సింగ్‌కు కేబినెట్ హోదా వచ్చింది. తరుణ్ విజయ్‌కు జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ అధ్యక్ష పదవి దక్కింది. 2024 మే 8న, మన దగ్గర పోలింగ్‌కు ఐదు రోజుల ముందు, దక్షిణాదివాళ్లు ఆఫ్రికన్లలా ఉంటారన్న మాట మీద దుమారం రేగి శామ్ పిట్రోడా కాంగ్రెస్ విదేశీ విభాగం అధ్యక్ష పదవి వదులుకున్నారు. జూన్ 26న అదే పదవి మళ్లీ ఆయనకే ఇచ్చారు. ఓట్లు లెక్కపెట్టేసిన మూడు వారాలకు. చూడండి, ఇందులో పార్టీ భేదం లేదు.

పిట్రోడా విషయంలో ఒక వాదన ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. ఆయన చెప్పబోయింది ఇన్ని రూపాల మనుషులు ఒక్క దేశంగా కలిసి బతుకుతున్నారనే గదా, అందులో అవమానం ఎక్కడుంది అంటారు ఆయన వైపువాళ్లు. ఒప్పుకుందాం. అదేరోజు ప్రధాని వరంగల్ సభలో దాన్ని చర్మం రంగు అవమానంగా మార్చి మండిపడటమూ ఎన్నికల లెక్కేనని ఒప్పుకుందాం. ఆఫ్రికన్లలా ఉన్నామంటే మనకు అంత రోషం దేనికో కూడా ఆలోచించుకోవాల్సిందే. అయినా ఒక అనుమానం మిగిలిపోతుంది. మనుషుల్ని మొహాలు చూసి దిక్కులవారీగా పంచిపెట్టకుండా ఐక్యత గురించి చెప్పడం అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి చేతకాదా?

మాటకు ఖరీదు కట్టే ఓటరు ఉంటే కథ ఇంకోలా ఉంటుంది. 2006లో అమెరికాలోని వర్జీనియాలో సెనేటర్ జార్జ్ అలెన్, తన సభను వీడియో తీస్తున్న భారత సంతతి కుర్రాణ్ణి ‘మకాకా’ అన్నారు. అది కోతిజాతి పేరు. ఆ కుర్రాడు పుట్టింది వర్జీనియాలోనే. గెలుస్తాడనుకున్న అలెన్ పదివేల లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఓటమికి ఇతర కారణాలూ ఉండొచ్చు. కానీ ఆ తర్వాత అలాంటి మాట అనబోయే నాయకుడికి ఆ పదివేలు గుర్తుకు రాకుండా ఉంటాయా?

ఇక మన సీమ సంగతికి వస్తాను. నిజానికి నేను రాయాలనుకున్నది ఇదే. మనవాళ్లు ఉత్తరాదివాడి మాటకు ఉడుకుతారు గానీ, తెలుగు గడ్డ మీదే కడప పేరు చెబితే పడే ముద్ర చిన్నదేం కాదు. 2022 జనవరిలో అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు సోము వీర్రాజు, ప్రాణాలు తీసేవాళ్ల జిల్లాకు కూడా విమానాశ్రయమా అన్నట్టు మాట్లాడారు. గొడవ ముదిరాక ఆ మాటలు వెనక్కి తీసుకున్నారు. 2025లో ఎమ్మెల్సీ అయ్యారు. ‘కడప గూండాలు’, ‘పులివెందుల రౌడీలు’ అన్న మాటలు ఎన్నికల సభల్లో వినని సీమవాసి ఉండడు. హైదరాబాదులో రూము కోసం వెళ్లిన పిల్లోణ్ణి ఇంటి ఓనరు ‘ఏ జిల్లా?’ అని అడుగుతాడు. కడప అనగానే నవ్వుతూ ‘బాంబులు గట్రా తేలేదు కదా?’ అంటాడు. పిల్లోడూ నవ్వాలి, నవ్వకపోతే రూము రాదు. మూడో వారానికి క్లాసులో వాడి పేరే ‘ఫ్యాక్షన్’ అయి ఉంటుంది.

ఇది జాతి వివక్ష ఎలా అవుతుంది, ప్రాంతం కదా అనేవాళ్లు 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని గుర్తు చేసుకోవాలి. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. మన దత్తమండలాలు, అంటే ఇప్పటి రాయలసీమ జిల్లాలు, అప్పుడు అందులోనే ఉన్నాయి. పుట్టుకతోనే మనిషి దొంగ అని సర్కారు కాగితం మీద రాసుకుంది. ఎరుకల కుటుంబాలు అలా తరతరాలు పోలీసు రిజిస్టర్లలో బతికాయి. 1952లో చట్టం పోయింది. పుట్టిన చోటును బట్టి నేరం అంటగట్టే అలవాటు పోలేదు. ముఠా కక్షలు ఇక్కడ లేవని నేను వాదించను. వాటికి బలైంది ఇక్కడి పల్లెలే. కొన్ని కుటుంబాల పగలను జిల్లా మొత్తానికి పూయడం వేరే పని, ఆ పని చేసినవాడికి దానివల్ల లాభం ఉంది.

ఏం లాభమంటే, హంతకుల జిల్లా అని ముద్ర వేశాక అక్కడికి రావాల్సినవి రాకపోయినా ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. కడప ఉక్కునే తీసుకోండి. 2007లో బ్రహ్మణీ స్టీల్స్‌కు శంకుస్థాపన అయింది. 2018లో కంబాలదిన్నె దగ్గర ఇంకొకటి. 2019లో సున్నపురాళ్లపల్లెలో మరొకటి, 2023లో అక్కడే మళ్లీ. ముఖ్యమంత్రులు మారారు, జమ్మలమడుగు చుట్టుపక్కల రాళ్లు మాత్రం పెరిగాయి. 2014 విభజన చట్టంలోనైతే ఇక్కడ ఉక్కు కర్మాగారం పెట్టొచ్చో లేదో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. లాభసాటి కాదని సెయిల్ తేల్చేసింది. ఓబుళాపురం ఇనుము ఇక్కడికి ఎంత దూరమో, గండికోట నీళ్లు ఎంత దగ్గరో అనంతపురం, కడపల్లో బడిపిల్లోణ్ణి అడిగినా చెబుతాడు. ఆ నివేదిక లెక్కలు సరైనవో కావో తేల్చడానికి కూర్చున్న టీవీ చర్చ ఒక్కటీ నాకు గుర్తు లేదు. ప్రాణాలు తీసేవాళ్లన్న మాట మీద మాత్రం రోజంతా కొట్టుకున్నాం, సీమవాళ్లం కూడా. అలా కొట్టుకుంటామని తెలియకుండానే అన్నారంటే నేను నమ్మను.